కార్డు ఉంది, రెన్యువల్ లేదు: ఒక సెంట్రింగ్ మేస్త్రి కుటుంబం కేసు

కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. నిలబడే బట్టల షాపు కవరు విప్పి ఒక్కో కాగితం తీసి టేబుల్ మీద పరిచింది. రేషన్ కార్డు, ఇద్దరి ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్, ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, అన్నిటికన్నా చివర లేబర్ కార్డు, అంటే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరున్నట్టు చూపే కార్డు. బియ్యం డబ్బాలో దాచిందట, లామినేషన్ విచ్చుకున్న అంచుల్లో తవుడు ఇరుక్కుని ఉంది. "కార్డైతే ఉన్నదక్కా. పైసలు వస్తయా?" అంది.

కార్డు తిప్పి చూశాను. 2016 జులైలో తీసుకున్నది, గడువు ఐదేళ్లు. ఆమె భర్త స్లాబ్ మీంచి పడింది 2023 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారం. అంటే అప్పటికే కార్డు గడువు తీరి ఏడాదిన్నర.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కార్మిక సహాయ కేంద్రంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. అడ్డా కూలీలు, తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్ పనివాళ్లు, వాళ్ల భార్యలు, వీళ్ల క్లెయిములే నా రోజువారీ పని. ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నది ఎందుకంటే ఇందులో బోర్డు దగ్గర మేం ఓడిపోయాం, ఆ ఓటమిలో నా తప్పు కూడా ఉంది, అది ఇంకొకరు చేయకూడదు. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను, పేర్లు, ఊరు రాయడం లేదు.

మనిషిది పాలమూరు వైపు. ప్రమాదం నాటికి 44 ఏళ్లు, ఇరవై ఏళ్లకు పైగా సెంట్రింగ్ పనే. భార్య అవే సైట్లలో ఇసుక జల్లిస్తుంది, తట్ట మోస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు ఊళ్లో నాయనమ్మ దగ్గర. ఆ రోజు మూడో అంతస్తులో సెంట్రింగ్ విప్పుతున్నారు. జాకీ జారి, ప్లేటుతో పాటు తనూ కిందికి వచ్చేశాడు. వెన్నెముకకు ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది, అది మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా అయిందని చెప్పాలి. కుడికాలు పట్టు తప్పింది. తర్వాత సదరం క్యాంపులో 60 శాతం వైకల్యం అని రాసిచ్చారు.

కాంట్రాక్టర్ మొదటిరోజు 20 వేలు ఇచ్చాడు. డిశ్చార్జి రోజు స్టాంపు పేపరు పట్టుకొచ్చాడు, ఇంకో 50 వేలు ఇస్తాను, ఇక నాకూ మీకూ ఏ సంబంధం లేదని వేలిముద్ర వేయమన్నాడు. ఆమె వేయలేదు. పక్క గదిలో ఉండే టైల్స్ మేస్త్రి మా నంబర్ ఇస్తే ఆ సాయంత్రమే వచ్చింది. ఈ కేసులో అందరికంటే తెలివైన పని చేసింది ఆమే.

ఇక్కడ డబ్బు సంగతి చెప్పాలి. బోర్డు నిధి ఎక్కడి నుంచి వస్తుందో తెలియకపోతే ఈ కేసు ఎందుకంత బాధ పెట్టిందో అర్థం కాదు.

1996లో పార్లమెంటు భవన, ఇతర నిర్మాణ కార్మికుల కోసం రెండు చట్టాలు చేసింది. ఒకటి సంక్షేమ బోర్డులు పెట్టమంది, రెండోది వాటికి డబ్బు ఎలా రావాలో చెప్పింది. నిర్మాణ ఖర్చు మీద 1 శాతం తగ్గకుండా 2 శాతం మించకుండా సెస్ (ఈ నిధి కోసమే వేసే పన్ను) వేయొచ్చు, వసూలు చేస్తున్నది 1 శాతం. ప్రైవేటు బిల్డింగ్ అయితే పర్మిషన్ దగ్గరే కట్టించుకుంటారు, ప్రభుత్వ పని అయితే కాంట్రాక్టర్ బిల్లులోనే కోసేస్తారు. 10 కోట్ల అపార్ట్‌మెంట్ లేస్తే 10 లక్షలు నిధికి జమ. మా మేస్త్రి పడిన బిల్డింగ్ మీద కూడా సెస్ కట్టారు, ఆ రసీదు కాపీ నేను చేత్తో పట్టుకుని చూశాను. ఆ బిల్డింగ్ తరఫున అతని కోసం కట్టిన డబ్బు నిధిలో ఉంది, అతనికి మాత్రం అందులోంచి రూపాయి రాదు.

ఎందుకు రాదంటే, సెస్ వసూలు చేయడానికి కార్మికుడితో పనే లేదు, బిల్డింగ్ ప్లాను ఉంటే చాలు. ఖర్చు పెట్టడానికి మాత్రం కార్మికుడు కావాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వాడై ఉండాలి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు ఈ పని చేసినట్టు కాగితం ఉండాలి, బోర్డులో పేరుండాలి, ఆ పేరు ప్రమాదం జరిగిన రోజుకి చెల్లుబాటులో ఉండాలి. మొదటి సగం దానంతటదే నడుస్తుంది. రెండో సగానికి ఎవరో ఒకరు ప్రతి అడ్డా మీదికీ, ప్రతి సైట్‌లోని రేకుల షెడ్డు దగ్గరికీ వెళ్లాలి.

ఆ వెళ్లేవాళ్లు లేరు కాబట్టే 2018 మార్చి 19న సుప్రీంకోర్టు జస్టిస్ మదన్ లోకూర్ బెంచ్ తీర్పులో ఆ లెక్కలు అంత ఘోరంగా కనిపించాయి. దేశం మొత్తం మీద వసూలైంది 37,400 కోట్లకు పైగా, కార్మికుల మీద ఖర్చయింది సుమారు 9,500 కోట్లు. మిగతా 28 వేల కోట్లు బోర్డుల ఖాతాల్లోనే కూర్చున్నాయి. అంతకు ముందు ఏడాదే, ఈ డబ్బుతో కొన్నిచోట్ల లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషిన్లు కొన్నారని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ చెప్పిన సంగతి అదే కోర్టులో బయటపడింది. చేతులకు సిమెంటు పుండ్లు పడిన ఆడవాళ్లను రోజూ చూసే నాకు ఆ వార్త చదివిన రోజు అన్నం సయించలేదు.

ఎవరూ పట్టించుకోని ఇంకో మెలిక ఉంది. 1996 చట్టంలో 24వ సెక్షన్ ప్రకారం బోర్డు జీతాలు, ఆఫీసు ఖర్చులు ఆ ఏడాది మొత్తం ఖర్చులో 5 శాతం దాటకూడదని ఉండేది. ఉద్దేశం మంచిదే, కార్మికుల డబ్బు ఆఫీసులు తినకూడదు. కానీ అది వసూలులో 5 శాతం కాదు, ఖర్చులో 5 శాతం. ఖర్చు తక్కువ పెట్టిన బోర్డుకి సిబ్బందికి దొరికే డబ్బూ తక్కువే. సిబ్బంది లేక నమోదు జరగదు, నమోదు లేక ఖర్చు జరగదు, ఖర్చు లేక మళ్లీ సిబ్బంది రారు. మా ఏరియాలో ఒక్క అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ చేతికింద ఎన్ని మండలాలు ఉంటాయో, ఆయన టేబుల్ మీద ఎన్ని ఫైళ్లు ఉంటాయో కళ్లారా చూశాను కాబట్టి అంటున్నాను, అన్నిచోట్లా మనిషి చెడ్డవాడని అనుకుంటే పొరపాటు.

మళ్లీ కేసులోకి వస్తాను.

కార్డు ఎందుకు రెన్యువల్ కాలేదని అడిగితే ఆమెకు రెన్యువల్ అనే మాటే తెలియదు. 2016లో ఊళ్లో ఒకతను ఇంటింటికీ తిరిగి 1,500 రూపాయలు తీసుకుని కార్డులు ఇప్పించాడట. అసలు ఖర్చు 110 రూపాయలు. రిజిస్ట్రేషన్‌కి 50, ఏడాదికి 12 చొప్పున ఐదేళ్ల చందా 60. నెలకు ఒక్క రూపాయి. సరే, ఆ దళారి తిన్నది తిన్నాడు, అంతకంటే పెద్ద నష్టం దరఖాస్తులో ఉంది. ఫోన్ నంబర్ గడిలో అతని సొంత నంబరే రాసుకున్నాడు. గడువు ముగుస్తోందని మెసేజ్ వచ్చి ఉంటే గింటే అతని ఫోన్‌కే వచ్చి ఉంటుంది. తర్వాత మేం మా దగ్గర ఉన్న పాత కార్డులన్నీ తీసి చూస్తే ఇలాంటివి ఇంకా దొరికాయి, ఒకే నంబర్ మీద పదిమంది, పదిహేనుమంది.

అప్పటి 1996 చట్టంలో దీనికి దారి ఉండేది, లేకపోలేదు. 17వ సెక్షన్. వరుసగా ఏడాదో అంతకంటే ఎక్కువో చందా కట్టకపోతే సభ్యత్వం పోతుంది, కానీ కట్టకపోవడానికి సరైన కారణం ఉందని, బకాయి కట్టడానికి కార్మికుడు సిద్ధంగా ఉన్నాడని బోర్డు కార్యదర్శి నమ్మితే ఆ బకాయి కట్టించుకోవచ్చు, కట్టగానే రిజిస్ట్రేషన్ తిరిగి నిలబడుతుంది. ఆ సెక్షన్ నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చూడండి. ఆమె వచ్చిన మర్నాడే, ఆలస్యం చేస్తే ఇంకేం మెలిక పెడతారో అన్న టెన్షన్‌లో, మీసేవకి పంపి రెన్యువల్ చేయించేశాను. 60 రూపాయలు కట్టాం, రసీదు వచ్చింది, కొత్త గడువుతో ప్రింట్ వచ్చింది. ఆమె ముఖం వెలిగింది, నేనూ సంతోషపడ్డాను.

ఆ రసీదే మా మీద సాక్ష్యం అయింది. ఆన్‌లైన్ ఫారంలో బకాయి కట్టి పాత సభ్యత్వాన్ని నిలబెట్టే ఆప్షన్ లేదు, ఈరోజు నుంచి రెన్యువల్ అని మాత్రమే ఉంది. క్లెయిమ్ పెట్టగానే ఆఫీసులో మొదటి ప్రశ్న అదే వచ్చింది. "మేడం, ప్రమాదం జనవరి 20న, మీ రెన్యువల్ ఫిబ్రవరి 9న. మధ్యలో ఈయన సభ్యుడు కాదని మీ కాగితమే చెబుతోంది కదా?" అన్నారు. నేను చట్టం ప్రింట్ తీసి చూపించాను. ఆయన చదివారు, రెండుసార్లు చదివారు. "ఇది కార్యదర్శి పవర్ మేడం, నాది కాదు. నా స్క్రీన్ మీద ఈ కాలమ్ లేదు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు.

కార్యదర్శికి లేఖ రాశాం. దళారి నంబర్ విషయం, ఆమె అఫిడవిట్, పక్క ఊళ్లో అదే నంబర్‌తో ఉన్న ఇంకో నాలుగు కార్డుల జిరాక్సులు జతచేశాం. ఏడు నెలల తర్వాత రెండు లైన్ల జవాబు వచ్చింది, ప్రమాద తేదీ నాటికి సభ్యత్వం లేనందున పరిశీలించలేం అని. 17వ సెక్షన్ గురించి అందులో ఒక్క మాట లేదు. హైకోర్టుకి వెళ్దామన్నాను. మేస్త్రి వద్దన్నాడు. పడుకున్న చోటు నుంచే, "ఇంకా ఎన్ని దినాలు తిరుగుతవక్కా, దాని కూలి పోతున్నది" అన్నాడు. భార్య కూలి గురించి అన్నాడు. నేను ఇంక బలవంతం చేయలేదు.

నేను చేయాల్సింది ఏమిటంటే, రెన్యువల్ ముట్టుకోకుండా ముందు కార్యదర్శికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, బకాయిని డిమాండ్ డ్రాఫ్ట్‌గా జతచేసి, పాత సభ్యత్వాన్నే నిలబెట్టమని అడగాలి. గెలిచేవాళ్లమని గ్యారంటీ లేదు, కానీ ఆ కేసు కోర్టు ముందు నిలబడేది. ఇప్పుడు మా దగ్గరికి ఎవరు గడువు తీరిన కార్డుతో ప్రమాదం కేసు తెచ్చినా మొదట చెప్పేది ఇదే, మీసేవకి వెళ్లొద్దు.

డబ్బు మాత్రం వేరే దారిలో వచ్చింది. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలనే, అప్పట్లో అమల్లో ఉన్న ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం కింద కేసు వేశాం. ఇందులో చాలామంది కాంట్రాక్టర్ ఒక్కడి మీదే వేస్తారు, అతను సిమ్ మార్చి ఇంకో ఊరు పోతాడు. 12వ సెక్షన్ ప్రకారం పని ఇప్పించిన అసలు యజమానిదీ బాధ్యతే, కాబట్టి బిల్డర్‌ని మొదటి ప్రతివాదిగా పెట్టాం. హక్కు వదులుకుంటున్నానని రాయించుకునే స్టాంపు పేపర్లు ఈ చట్టం ముందు చెల్లవు, అది కూడా తెలిసి ఉండాలి. లెక్క ఇలా కట్టాం: నెల జీతం పరిమితి 15 వేలు, అందులో 60 శాతం 9 వేలు, 44 ఏళ్ల వయసుకి చట్టం ఇచ్చిన అంకె 172.52, గుణిస్తే 15,52,680. సంపాదన శక్తి నష్టం 60 శాతం అంటే 9,31,608.

అతను మా దగ్గర పనే చేయలేదు, ఇది బిల్డర్ వకీలు మొదటి మాట. మస్టర్ రోల్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరు లేదు నిజమే. కానీ కాంట్రాక్టర్ ప్రతి ఆదివారం బట్వాడా (వారం కూలి) ఫోన్‌పేలో వేసేవాడు. పదకొండు నెలల పాటు, వారం వారం, అదే నంబర్ నుంచి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఒక్కో ఆదివారాన్ని పసుపు రంగు పెన్నుతో గీసి పెట్టాం. దాంతోపాటు మేస్త్రి దగ్గర ఒక జేబు పుస్తకం ఉంది, ఏ రోజు ఎన్ని ప్లేట్లు కట్టాడో పెన్సిల్‌తో రాసుకున్నాడు, చమట పడి కొన్ని పేజీలు అతుక్కుపోయాయి. ఆ రెండూ తేదీకి తేదీ సరిపోయాయి. ఇరవై నెలలకు 7 లక్షలకి రాజీ కుదిరింది. ఇంకా లాగితే మొత్తం వచ్చేదేమో. ఇంట్లో అప్పు వడ్డీ నెలకు మూడు రూపాయల లెక్కన పెరుగుతోంది, నేనే ఒప్పుకోమన్నాను.

మొదటి నుంచీ నా కళ్లెదుటే ఉండి నేను చూడని సంగతి ఇంకోటి ఉంది. క్లెయిమ్ కోసం మూడోసారి వచ్చినప్పుడు ఆమె చేతులు చూశాను, గోళ్ల చుట్టూ సిమెంటు తిన్న మచ్చలు. "నీ కార్డేదమ్మా?" అన్నాను. "నాకెందుకక్కా, నేనేమన్న మేస్త్రినా?" అంది. తొమ్మిదేళ్లుగా అదే పని, అతను వెళ్లిన ప్రతి సైట్‌కీ వెళ్లింది. చట్టం దృష్టిలో ఆమె పూర్తి స్థాయి నిర్మాణ కార్మికురాలు, తట్ట మోసినా మేస్త్రి పని చేసినా తేడా లేదు. ఆమె ఒక్కదానికి చెల్లే కార్డు ఉండి ఉంటే పిల్లల పెళ్లి, ప్రసవం సాయాలు అన్నీ దాని మీదే వచ్చేవి. మేము కూడా, పదకొండేళ్ల అనుభవం ఉన్నవాళ్లం, ఇంటికి ఒక్క కార్డు అన్నట్టే ఆలోచించాం. 2023 ఆగస్టులో ఆమెకు కార్డు తీయించాం, ఫోన్ నంబర్ గడిలో ఆమె నంబరే రాశాం. 2025లో పెద్దపిల్ల పెళ్లికి ఆ కార్డు మీద 30 వేలు వచ్చాయి. ఈ మొత్తం కథలో బోర్డు నుంచి ఆ కుటుంబానికి అందింది అదొక్కటే.

రాష్ట్రాలు ఈ నిధిని ఎలా ఖర్చు పెడుతున్నాయో చూస్తే ఒక్కొక్కరిది ఒక్కో దారి. కేరళలో కేంద్ర చట్టం కంటే ముందే, 1989 చట్టంతో బోర్డు వచ్చింది, పింఛన్లు, చదువుల సాయం మీద గట్టిగా ఖర్చు పెట్టింది, తర్వాత పింఛను బకాయిలు పేరుకుపోయి ఇబ్బందీ పడింది. అయినా నాకు ఆ ఇబ్బందే నయం అనిపిస్తుంది, కనీసం అక్కడ డబ్బు మనిషి వైపు కదిలింది. మహారాష్ట్ర లాంటిచోట్ల వంటపాత్రల కిట్లు, సేఫ్టీ కిట్లు పంచారు. కర్ణాటకలో 2023లో కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్ మొత్తాలు ఒక్కసారిగా కోసేస్తే పిల్లలు కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత బోర్డు పథకాలు ఆగిపోయాయని భవన నిర్మాణ కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి ధర్నాలు చేశాయి, విజయవాడ, గుంటూరు నుంచి మా దగ్గరికి పనికొచ్చినవాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు.

కిట్ల మీద నా అభిప్రాయం చెప్పేస్తాను. హెల్మెట్, బెల్టు ఇవ్వాల్సింది యజమాని, కార్మికుడి సంక్షేమ నిధి కాదు. పాత్రలు ఎవరి ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఆఫీసుకి తెలియదు. వస్తువులకు టెండర్ ఉంటుంది, సరఫరాదారు ఉంటాడు, ఫొటో ఉంటుంది. కాలు పోయినవాడి పింఛనుకి ఇవేవీ ఉండవు, అందుకే అది వెనకబడుతుంది.

నగదు నేరుగా వేయడం పనిచేస్తుందని 2020లో చూశాం. లాక్‌డౌన్ ప్రకటించిన రోజు, మార్చి 24న, కేంద్రం ఈ నిధి నుంచి కార్మికుల ఖాతాల్లో డబ్బు వేయమని రాష్ట్రాలకు చెప్పింది. అప్పటికి నిధిలో సుమారు 52 వేల కోట్లు, నమోదైనవాళ్లు సుమారు మూడున్నర కోట్లు అన్నారు. వేసిన రాష్ట్రాలు వారాల్లోనే వేశాయి. ఢిల్లీ 5 వేల చొప్పున రెండుసార్లు ఇచ్చింది. కానీ అది కూడా పుస్తకంలో ఉన్నవాళ్లకే. 2024 చివర్లో ఢిల్లీ కాలుష్యానికి పనులు ఆపితే, కూలీలకు ఈ నిధి నుంచి ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పింది, ఇచ్చింది 90 వేల పైచిలుకు మందికి. అంత పెద్ద నగరంలో నిర్మాణ కూలీలు ఇంతేనా అని న్యాయమూర్తులే అడిగారు. ఆ ప్రశ్న నేను మా ఏరియాలో ప్రతి సోమవారం ఉదయం ఆరున్నరకి అడ్డా దగ్గర నిలబడి అడుగుతాను, వందమందిలో చెల్లే కార్డు చూపించేవాళ్లు ఎంతమందో చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2025 నవంబర్ 21 నుంచి పాత చట్టాలు పోయి, ఈ నిధి, బోర్డులు సోషల్ సెక్యూరిటీ కోడ్ అనే కొత్త చట్టం కిందికి వచ్చాయి. సెస్ ఉంది, బోర్డులు ఉన్నాయి, 90 రోజుల నిబంధన ఉంది. సొంతిల్లు కట్టుకునేవాళ్లకు సెస్ మినహాయింపు 10 లక్షల నుంచి 50 లక్షలకు పెరిగింది, అంటే చిన్న పట్టణాల్లో వచ్చే డబ్బు తగ్గుతుంది. సొంతింటివాళ్లకు అది ఊరటే, కాదనను, కానీ ఆ ఇళ్ల మీంచి కూడా మనుషులు పడతారు.

మా దగ్గర మేం మార్చుకున్నవి చిన్నవే. కార్డు ఎవరు తెచ్చినా మొదట తిప్పి గడువు చూస్తాం. ఫోన్ నంబర్ ఎవరిదో అక్కడే డయల్ చేసి, ఎదుట ఉన్న మనిషి జేబులో మోగుతుందో లేదో చూస్తాం. భార్యాభర్తలు ఇద్దరూ పనికి వెళ్తుంటే రెండు దరఖాస్తులు రాస్తాం. బట్వాడా చేతికి ఇచ్చే కాంట్రాక్టర్ అయితే కనీసం నెలకోసారైనా ఫోన్‌పేలో వేయించుకోమని చెబుతాం. గడువులకి ఒక పెద్ద రిజిస్టర్ పెట్టాం, నెలకో పేజీ, గడువు ముగిసే నెలకు రెండు నెలల ముందు పేజీలో పేరు రాసి, ఆ నెల రాగానే ఫోన్ చేస్తాం. ఎత్తకపోతే అడ్డాకి పోతాం.

మేస్త్రి ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు. రాజీ డబ్బులో అప్పు పోగా మిగిలినదాంతో ఇంటి ముందు చిన్న కిరాణా పెట్టించాం, కర్ర పట్టుకుని నడుస్తాడు. భార్య హైదరాబాద్‌లోనే, ఇంకా తట్ట మోస్తోంది. ఆమె కార్డు 2028 ఆగస్టులో ముగుస్తుంది. 2028 జూన్ పేజీలో మొదటి పేరు ఆమెదే, పక్కన రెండు నంబర్లు రాశాను, ఒకటి ఆమెది, ఇంకోటి చిన్నపిల్లది.